పెద్ద ఇడ్లీ, చిన్న ఇడ్లీ: బొమ్మల పుస్తకాలతో పసిపిల్లలకు ఎదురు మాటలు నేర్పే పద్ధతి

పుస్తకాల అంగట్లో పసిపిల్లల వ్యతిరేక పదాల పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో ఏనుగు, ఎదురు పేజీలో చీమ ఉండటం మామూలే. ఏనుగు కింద ‘పెద్ద’ అనీ చీమ కింద ‘చిన్న’ అనీ రాసుంటుంది. మనకు అనుమానమే రాదు. ఏనుగును చూశాం, చీమతో కుట్టించుకున్నాం. ఆ పేజీని రెండేళ్ల బిడ్డ వైపు నుంచి చూడండి. ఒకదానికి తొండం ఉంది, ఇంకోదానికి మీసాలున్నాయి. ఒకటి బూడిద రంగు, ఇంకోటి నలుపు. పైపెచ్చు బొమ్మ వేసినవాళ్లు రెంటినీ పేజీ నిండా ఒకే సైజులో వేసి ఉంటారు! ఇందులో ‘పెద్ద’ అంటే ఏది? తొండమా, రంగా? చాలామంది పిల్లలకు ఆ పుస్తకం చివరికి మిగిల్చేది ఏనుగుకు ఇంకో పేరు ‘పెద్ద’ అనే సంగతి మాత్రమే.

కాబట్టి ఈ వ్యాసమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఒకే వస్తువు, ఒకే తేడా. పెద్ద ఇడ్లీ, చిన్న ఇడ్లీ. తెరిచిన తలుపు, అదే తలుపు మూసింది. మిగతావన్నీ అలాగే ఉండి ఒక్కటే మారినప్పుడు బిడ్డ చూపు తిన్నగా ఆ మారినదాని మీదికే పోతుంది. శాండ్రా వాక్స్‌మన్, రాకెల్ క్లిబనాఫ్ అనే పరిశోధకులు 2000లో మూడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే. కొత్త గుణవాచకం నేర్పేటప్పుడు ఒకే జాతి వస్తువులను పక్కపక్కన పోల్చి చూపితే, పిల్లలు ఆ మాటను తర్వాత వేరే వస్తువులకూ సరిగా వాడగలిగారు.

ముందు వయసు సంగతి

తొమ్మిది నెలల బిడ్డకు బొమ్మలో బంతి చూపిస్తే దాన్ని కాగితం మీంచి పట్టుకోబోతుంది. బొమ్మ అంటే వస్తువు కాదు, వస్తువు గుర్తు అని తెలిసి, చేత్తో లాగడం మాని వేలు పెట్టి చూపడం ఏడాదిన్నర దగ్గర్లో వస్తుంది. అంతకుముందు పుస్తకం చూపకూడదని కాదు. ఒళ్లో కూచోబెట్టుకుని చదవడం ఎప్పుడైనా మంచిదే. ఎదురు మాటల కోసమని కూచునే పని మాత్రం ఏడాదిన్నర దాటాకే పెట్టుకోండి.

నిజానికి అప్పటికే ఇంట్లో సగం పాఠం నడిచి ఉంటుంది. రా–పో, ఎక్కు–దిగు, ఇయ్యి–తీసుకో, తెరువు–మూయి. ఇవన్నీ ఎదురు మాటలే, పైగా బిడ్డ ఒంటితో చేసేవి. అందుకే నా లెక్కలో మొదటి పుస్తకంలో గుణాల కంటే పనులే ఎక్కువ ఉండాలి. రెండేళ్ల చుట్టుపక్కల లోపల–బయట, పైన–కింద, పెద్ద–చిన్న అర్థమవడం మొదలవుతుంది. పొడుగు–పొట్టి, లావు–సన్నం లాంటివి ‘పెద్ద–చిన్న’ బాగా కుదురుకున్నాకే వస్తాయి. ఎందుకంటే పెద్ద అనే మాట అన్ని కొలతలకూ సరిపోతుంది, పొడుగు ఒక్క దిక్కుకే చెల్లుతుంది. ముందు–వెనక ఇంకా ఆలస్యం. కుడి–ఎడమలైతే బడి ఈడు వచ్చేదాకా అడగొద్దు. నిన్న–రేపు నాలుగేళ్ల పిల్లలు కూడా తారుమారు చేస్తారు.

‘ఎక్కువ–తక్కువ’ గురించి ఒక ముచ్చట చెప్పాలి. 1968లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, బాల్ఫోర్ మూడున్నర, నాలుగేళ్ల పిల్లల ముందు రెండు బొమ్మ ఆపిల్ చెట్లు పెట్టి, దేనికి తక్కువ కాయలున్నాయని అడిగారు. పిల్లల్లో చాలామంది ఎక్కువ కాయలున్న చెట్టునే చూపారు. ఎదురు మాటల జంటలో ఒకటి ముందు వస్తుంది, రెండోది దాని వెనకాల నింపాదిగా వస్తుంది. రెండూ ఒకే రోజు రావాలని పట్టుబట్టడం అనవసరమైన తొందర.

‘పెద్దకు వ్యతిరేక పదం ఏంది?’ అనే ప్రశ్న ఈ వయసుది కానే కాదు. మాటను మాటతో జోడించి చెప్పడం నాలుగైదేళ్లకు వచ్చే పని. బంధువులు వచ్చినప్పుడు బిడ్డను నిలబెట్టి అడిగించడం అంతకన్నా వద్దు. న్యాయం–అన్యాయం, లాభం–నష్టం అని పట్టిక వల్లించే కాలం బళ్లో ఎలాగూ వస్తుంది.

ఏ జంటలు పుస్తకానికి, ఏవి చేతికి

పుస్తకం కొనే ముందు, లేదా మీరే చేసుకునే ముందు, జంటలను మూడు కుప్పలుగా వేసుకోండి.

మొదటిది కంటికి కనిపించేవి: తెరిచిన–మూసిన, లోపల–బయట, పైన–కింద, పెద్ద–చిన్న, నిండు–ఖాళీ, కూచున్న–నిలబడ్డ, పొడుగు–పొట్టి. వీటికి బొమ్మ చాలు.

రెండోది ఒంటికి తెలిసేవి: వేడి–చల్లన, మెత్తన–గట్టి, బరువు–తేలిక, తడి–పొడి, తీపి–చేదు, గట్టిగా–మెల్లగా మాట్లాడటం. ఇవి బొమ్మలో ఉండవు. కాఫీ కప్పు మీద మూడు వంకర గీతలు గీసి ‘వేడి’ అంటారు. ఆ గీతలు ఆవిరి అని మనకు తెలుసు, బిడ్డకు తెలీదు. మంచుమనిషి బొమ్మ పెట్టి ‘చలి’ అని రాసిన పుస్తకాలూ ఉన్నాయి. తిరుపతి బిడ్డకు మంచుమనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు? మే నెల మధ్యాహ్నం మిద్దె మీది గచ్చు, వంటింట్లో నీళ్లకుండ, ఇవి మన వేడి, మన చల్లన. బిడ్డ అరచేతిని కుండకు ఆనించి ‘చల్లగుండాది’ అని ఒక్కసారి అంటే చాలు, ఆ తర్వాత పుస్తకంలో కుండ బొమ్మ కనిపించినప్పుడు ఆ చల్లదనం గుర్తొస్తుంది. ఈ కుప్పకు చేయి ముందు, బొమ్మ తర్వాత. వేడి విషయంలో జాగ్రత్త. గోరువెచ్చని పాలగ్లాసు బయటినుంచి తాకించడం వరకే. పొయ్యి దగ్గర పాఠం వద్దు.

మూడో కుప్ప ఇప్పుడు వదిలేయాల్సినవి: మంచి–చెడు, ధనిక–పేద, అందం–వికారం. మంచి–చెడు పేజీలో ఒక పిల్లాడు నవ్వుతూ, ఇంకో పిల్లాడు నల్లగా మొహం మాడ్చుకుని ఉంటే, బిడ్డ దాన్నుంచి ఏం నేర్చుకుంటుందో ఆలోచించండి. అలాంటి పేజీ ఉన్న పుస్తకం నేను కొనను.

అంగట్లో పుస్తకం ఎంచుకోవడం

మందపాటి అట్ట పేజీల పుస్తకం తీసుకోండి. రెండేళ్ల చేతులకు పల్చటి కాగితం తిప్పడం రాదు. తిప్పబోయి చించుతుంది, మనం అరుస్తాం, పుస్తకమంటే అరుపు అని దానికి గుర్తుండిపోతుంది. అంచులు గుండ్రంగా ఉండాలి.

తర్వాత ఏదో ఒక జంట పేజీ తెరిచి మాటలున్న చోట చేయి అడ్డం పెట్టండి. బొమ్మలు మాత్రమే చూసి తేడా ఏమిటో మీకు వెంటనే తట్టిందా? రెండు మూడు జవాబులు వస్తే ఆ పేజీ పనికిరాదు. ఉదాహరణకు పగలు–రాత్రి పేజీలో పగలు పిల్లలు ఆడుతుంటారు, రాత్రి నిద్రపోతుంటారు, ఇల్లు వేరు, రంగులు వేరు. అదే ఇల్లు, అదే చెట్టు, ఆకాశం మాత్రం మారితే సరైన పేజీ. సగం పేజీలు బాగుంటే పుస్తకం తీసుకోవచ్చు, మిగతా సగాన్ని మామూలు బొమ్మలుగా చూపించుకోవచ్చు. ఏనుగు పేజీలో ఏనుగు గురించే మాట్లాడండి, ఎవరు కాదన్నారు!

తెరిచి మూసే కాగితపు కిటికీలు, లాగే ముక్కలు ఉన్న పుస్తకాలు పిల్లలకు సరదా. కానీ సింథియా చియాంగ్, జూడీ డెలోచ్ రెండున్నర, మూడేళ్ల పిల్లలకు అక్షరాల పుస్తకాలు చూపి గమనిస్తే, లాగే ముక్కలున్న పుస్తకం కంటే సాదా పుస్తకం నుంచే ఎక్కువ నేర్చుకున్నారు. చేయి ఆటలో పడితే మనసు మాటను వదిలేస్తుంది. దీనికి ఒక్క మినహాయింపు ఇస్తాను: తెరువు–మూయి, లోపల–బయట అనే జంటలకు ఆ కాగితపు కిటికీయే పాఠం. అక్కడ ఆట, మాట ఒకటే.

బొమ్మ గీసిందా, ఫోటోనా? రెండేళ్ల లోపు ఫోటోకు, లేదా అసలుకు దగ్గరగా ఉన్న బొమ్మకు ఓటు వేస్తాను. టోపీ పెట్టుకుని నడిచే కుందేలును అర్థం చేసుకోవడానికి ఇంకా టైం ఉంది.

తెలుగులో దొరకవని చాలామంది ఇంగ్లీషు పుస్తకాలతో సరిపెట్టుకుంటారు. వెతికితే దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులో వేస్తుంది. చెన్నై తులిక వాళ్లు తెలుగు–ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న పుస్తకాలు వేస్తారు. హైదరాబాద్‌లో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణకర్తలున్నారు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలను ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. ఫోనులోనే చూపించకుండా ప్రింటే తీయండి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వ్యతిరేక పదాలే కావాలని పట్టుబట్టక్కర్లేదు. పిల్లి గంపలోకి దూరి బయటికి వచ్చే కథ ఒకటి దొరికితే, పట్టికల పుస్తకం కంటే అదే బాగా పనిచేస్తుంది.

చదివే తీరు

అసలు పని ఇక్కడుంది. పుస్తకం ఎంత మంచిదైనా ‘పెద్ద, చిన్న, పైన, కింద’ అని గడగడా చదివి మూసేస్తే ఏమీ మిగలదు.

బిడ్డ కడుపు నిండి, నిద్ర రాకుండా ఉన్న సమయం చూసుకోండి. ఒళ్లో కూచోబెట్టుకోండి. ఒక పూటకు ఒకటో రెండో జంటలు. బిడ్డ లేచిపోతే పుస్తకం మూసేయడమే, వెనక్కి పిలిచి కూచోబెట్టొద్దు.

రెండు పేజీలూ ఒకేసారి కనిపిస్తుంటే ఒకదాన్ని అరచేత్తోనో అట్టముక్కతోనో మూయండి. జో ఫ్లాక్, జెస్సికా హార్స్ట్ 2018లో చూసిందేమంటే, ఎదురెదురు పేజీల్లో రెండు పెద్ద బొమ్మలుంటే మూడున్నరేళ్ల పిల్లలు కూడా దేన్ని చూడాలో తెలీక కొత్త మాటలు తక్కువ నేర్చుకున్నారు. చదివేవాళ్లు ఏ పేజీ చదువుతున్నారో చేత్తో చూపినప్పుడు ఆ ఇబ్బంది తగ్గింది. ఎదురు మాటల పుస్తకాలన్నీ రెండేసి బొమ్మలతోనే ఉంటాయి కాబట్టి ఇది మనకు బాగా అవసరమైన సంగతి. మొదటి బొమ్మ తీరిగ్గా చూడనివ్వండి. ఆ తర్వాత చేయి తీస్తే రెండోది బయటపడుతుంది. అప్పుడు తేడా బిడ్డ కళ్లముందే జరిగినట్టుంటుంది.

జంటలో ఒక మాటను ముందు గట్టిపరచండి. పెద్ద–చిన్నలో ‘పెద్ద’ను. కొన్ని రోజులు ‘ఇది పెద్దది, ఇది పెద్దది కాదు’ అని చెప్పండి. ‘కాదు’ అనే మాట ఈ వయసు పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు కదా. అది పట్టుబడ్డాక ‘ఇది పెద్దది కాదు, చిన్నది’ అని రెండో మాటను చేర్చండి.

ప్రశ్నలు ఎలా ఉండాలో చూపడానికి మా వైపు ఇళ్లల్లో అవ్వలు చదివినట్టే రాస్తాను. పేజీలో పిల్లి గంపలో ఉంది.

“ఇదేంది మా?”
“పిల్లి.”
“ఔ, పిల్లే. నల్ల పిల్లి. యాడుండాది?”
బిడ్డ గంప మీద వేలు పెడుతుంది.
“గంప లోపల ఉండాది. లోపల. ఇప్పుడు చూడు…” (చేయి తీసి) “అరె, యాడికొచ్చిండాది?”
“బయట!”
“బయటికొచ్చేసింది. గంపలోంచి బయటికొచ్చేసింది పిల్లి.”

ఇందులో జరిగిందేమిటి? అవ్వ అడిగింది, బిడ్డ చెప్పింది లేదా చూపింది, అవ్వ ఒప్పుకుని దానికి ఇంకో ముక్క కలిపింది, మళ్లీ చెప్పింది. ఇదే పద్ధతిని గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో పరీక్షించింది. రెండు, మూడేళ్ల మధ్య పిల్లల తల్లిదండ్రులకు కొందరికి ఇలా అడుగుతూ, కలుపుతూ చదవడం నేర్పారు, కొందరిని మామూలుగానే చదవమన్నారు. నెల తిరిగేసరికి మొదటి గుంపు పిల్లల మాటల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. మన అవ్వలకు ఈ పరిశోధన అక్కర్లేదు. చదవనేర్చిన అమ్మానాన్నలకే పేజీలో రాసింది రాసినట్టు చదవాలనే పట్టుదల ఎక్కువ.

ప్రశ్న వేశాక ఆగండి. పసిపిల్లకు జవాబు కుదరడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనమే జవాబు చెప్పేస్తుంటాం.

తప్పు చెబితే ‘తప్పు’ అనకండి. బంతి మంచం కింద ఉంటే ‘పైన’ అంది అనుకోండి. “బంతి యాడుండాదో వంగి చూద్దాం పా. కింద ఉండాది, మంచం కింద.” అంతే. సరైన మాట రెండుసార్లు చెవిన పడింది, చాలు.

రోజూ అదే పుస్తకం కావాలని మారాం చేస్తే విసుక్కోకండి. జెస్సికా హార్స్ట్ బృందమే 2011లో మూడేళ్ల పిల్లల మీద చూసింది. కొందరికి ఒకే కథలు మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి రకరకాల కథలు చదివారు. కొత్త మాటలు వినపడిన లెక్క ఇద్దరికీ సమానమే. అయినా మాటలు నిలిచింది ఒకే కథ విన్నవాళ్లకు. కథ ముందే తెలిసినప్పుడు ధ్యాస మాట మీదికి పోగలదు.

మీ ఇంటి పుస్తకం మీరే చేసుకోవడం

కొన్న పుస్తకంలో ‘ఒకే వస్తువు, ఒకే తేడా’ అరుదుగా దొరుకుతుంది కాబట్టి, నా మాట వింటే ఒకటి ఇంట్లోనే చేయండి. ఫోను కెమెరా, ఒక ఫోటో స్టూడియో, చీరల డబ్బా అట్టలు, ఇవి చాలు.

ఫోటో తీయడంలో గుట్టు ఒక్కటే: మొదటిది తీశాక ఫోను కదపకండి. గోడకో డబ్బాకో ఆనించి పెట్టండి. వస్తువు అక్కడే ఉండాలి, వెలుతురు అదే ఉండాలి, వెనకాల ఏ సామానూ మారకూడదు. అప్పుడు తలుపు మూసిన ఫోటో, తెరిచిన ఫోటో పక్కన పెడితే కంటికి తలుపు ఒక్కటే కదులుతుంది.

నిండు–ఖాళీకి స్టీలు గ్లాసు పనికిరాదు, లోపల ఏముందో కనిపించదు. గాజు గ్లాసులో పాలు పోసి తీయండి, తర్వాత అదే గ్లాసు ఖాళీగా. నీళ్లు ఫోటోలో సరిగా తెలియవు, పాలైతే తెల్లగా తెలుస్తాయి. పెద్ద–చిన్నకు రెండు ఇడ్లీలు వేరువేరుగా తీస్తే మళ్లీ ఏనుగు–చీమ గతే. రెండూ పేజీ నిండా ఒకే సైజులో వస్తాయి. అందుకని ఒకే పళ్లెంలో, అంతే దూరం నుంచి, మొదట తట్ట ఇడ్లీ, తర్వాత మినీ ఇడ్లీ పెట్టి తీయండి. పళ్లెం కొలబద్ద అవుతుంది. పొడుగు–పొట్టికి తాతను, మనవణ్ణి నిలబెట్టాలని అందరికీ అనిపిస్తుంది, కానీ అక్కడ గడ్డం, పంచె, ముడతలు అన్నీ తేడాలే. ఒకే రంగు పెన్సిళ్లు రెండు, ఒకటి కొత్తది, ఒకటి చెక్కి చెక్కి అరిగిపోయింది, అది మేలు. చీకటి–వెలుగుకు గదంతా ఆర్పేస్తే నల్ల కాగితం మిగులుతుంది. వస్తువులు మసకగానైనా కనబడేలా పక్కగది లైటు ఉంచండి.

ఇంక బిడ్డ సొంత ఫోటోలు. కళ్లు తెరిచి, కళ్లు మూసి. కూచుని, నిలబడి. ఉయ్యాల్లో, ఉయ్యాల బయట. పుస్తకంలో ఈ పేజీలే ముందు నలిగిపోతాయి, అనుమానం లేదు.

మామిళ్ల కాలంలో చేస్తుంటే ఒక జంట చేర్చండి. చిత్తూరు, తిరుపతి వైపు దామలచెరువు మామిడి మార్కెట్టు సందడిగా ఉండే రోజుల్లో ఏ ఇంట్లోనైనా కాయలుంటాయి. బంగినపల్లి ఒకటి పచ్చిగా ఉన్నప్పుడు ఫోటో తీసి, అదే కాయను మాగబెట్టి, పసుపు తిరిగాక అదే పళ్లెంలో మళ్లీ తీయండి. కాయ–పండు. మాగే రోజుల్లో బిడ్డ రోజూ వెళ్లి దాన్ని తాకుతుంది. గట్టిగా ఉన్నది మెత్తబడటం కూడా చేతికి తెలిసిపోతుంది. పచ్చిమిరప–ఎండుమిరప లాంటివి వద్దు, ఆ చేయి కంట్లో పెట్టుకుంటుంది.

స్టూడియోలో మ్యాక్సీ సైజు, అంటే నాలుగంగుళాలకు ఆరంగుళాల ప్రింట్లు వేయించండి. అట్టను అంతకంటే కొంచెం పెద్దగా కత్తిరించి, ఒక అట్టకు ముందు ఒకటి, వెనక దాని జంట అంటించండి. ఎదురెదురుగా కాదు, ముందూ వెనకా. అప్పుడు చేత్తో మూసే పని ఉండదు, అట్ట తిప్పడంతోనే తేడా బయటపడుతుంది. జెరాక్స్ అంగట్లో లామినేషన్ చేయించి, మూలలు కత్తెరతో గుండ్రంగా కోయండి. లామినేషన్ మూల పసి బుగ్గకు బాగా గీరుకుంటుంది. బైండింగుకు ప్లాస్టిక్ స్పైరల్ చాలు, ఇనప తీగ అయితే కొసలు పొడుచుకొస్తాయి. ఏడెనిమిది అట్టలకు మించొద్దు. మాటలు పెద్ద అక్షరాలతో, ఒక పేజీకి ఒకటే రాయండి. అవి బిడ్డ కోసం కాదు, పుస్తకం చూపే మేనత్తా, బాబాయీ అందరూ ఒకే మాట వాడటానికి. ఒకరు ‘పొడుగు’ అని, ఇంకొకరు ‘ఎత్తు’ అని, మరొకరు ‘పెద్ద’ అంటే మొదట్లో గందరగోళం.

పుస్తకం మూసి ఇల్లూ ఊరూ

పొద్దున చూసిన జంటను ఆ రోజే నిజం వస్తువులో చూపించాలి. వారం తర్వాత చూపిస్తే అది కొత్త పాఠమే. వంటింట్లో ఎర్రగడ్డల (ఉల్లిపాయల) గంప దగ్గర కూచోబెట్టి “పెద్ద ఎర్రగడ్డ ఇయ్యి మా” అనండి. స్నానం చెంబు నింపుతూ ‘నిండింది’, తలమీద పోసి ‘ఖాళీ’. తిరుపతి అంగళ్లలో దొరికే చెక్క వంటసామాన్ల బొమ్మల్లో మూతలు తీసి పెట్టేవి ఉంటాయి, తెరువు–మూయికి అంతకన్నా ఏం కావాలి? మరీ చిన్న గిన్నెలు నోట్లో పెట్టుకుంటారు, అవి తీసి పైన పెట్టేయండి.

తిరుపతిలో ఉన్నవాళ్లకు పైన–కిందకు కొండే ఉంది. ‘కొండ పైకి’, ‘కొండ కిందికి’ అని రోజూ వింటూనే పెరుగుతారు పిల్లలు. అలిపిరి నడకదారి 3,550 మెట్లలో మొదటి పది మెట్లు చాలు మన పాఠానికి. ఎక్కుతూ ‘ఎక్కు ఎక్కు’, దిగుతూ ‘దిగు దిగు’. బస్సులో పోతే 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎక్కే దారి, దిగే దారి విడివిడిగా ఉన్నాయన్న సంగతి రెండేళ్ల బిడ్డకు పట్టదు. బస్సు ముక్కు పైకి లేచినప్పుడు ‘పైకి పోతా ఉండాం’ అంటే పడుతుంది. వారాంతం చంద్రగిరి కోటకు పోతే రాజమహల్ పెద్దది, రాణీమహల్ చిన్నది. ఇక్కడ నా సూత్రం కొంచెం తప్పుతుంది, రెండు మేడలూ వేరువేరు రూపులో ఉంటాయి కదా. పెద్ద–చిన్న బాగా వచ్చేసిన పిల్లలకైతే ఫరవాలేదు.

రెండు మూడు భాషల ఇల్లు

చిత్తూరు వైపు అవ్వ తమిళంలో, అమ్మ తెలుగులో, ప్లేస్కూలు ఇంగ్లీషులో మాట్లాడటం వింతేమీ కాదు. దీనికి భయపడక్కర్లేదు, పిల్లలు తట్టుకుంటారు. చదివేవాళ్లు తమకు నోరారా వచ్చే భాషలో చదవడమే మంచిది. ఒకే పేజీ అమ్మ తెలుగులో, అవ్వ తమిళంలో చెప్పొచ్చు. నేను వద్దనేది ఒకటే, ఒకే ఊపిరిలో ‘పైన అంటే అప్, కింద అంటే డౌన్’ అని నాలుగు మాటలు కుమ్మరించడం. ఆ పూట తేడా మీద ఉండాల్సిన ధ్యాస మాటల లెక్క మీదికి పోతుంది.

వచ్చిందో లేదో చూసుకోవడం

నోటితో చెప్పించొద్దు, చేత్తో చేయించండి. రెండు చెంచాలు ముందు పెట్టి “చిన్నది ఇయ్యి.” కుదిరితే పుస్తకంలో లేని వస్తువులతో అడగండి. ఇడ్లీల పేజీ బాగా వచ్చినా చెప్పుల్లో పెద్ద–చిన్న చూపలేకపోతే, ఇంకా ఇడ్లీ మాత్రమే వచ్చింది, ‘పెద్ద’ రాలేదు. ఇంకో మూడు నాలుగు రకాల వస్తువులు చూపించాలన్నమాట.

అన్నింటికీ ‘పెద్ద’ అనడం మామూలే, రెండో మాట దారిలో ఉంది. ‘పెద్ద కాదు’ అంటే మెచ్చుకోండి, అది సరైన జవాబే. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే సరిచేయకుండా ‘పిల్లి కాళ్లు పైన, తల కింద!’ అని నవ్వండి.

మూడేళ్లు దాటి జంటలన్నీ ఆటలా వచ్చేస్తుంటే మూడో వస్తువు తెండి. చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు డబ్బాలు. చిన్నదాన్ని తీసేసి “ఇప్పుడు చిన్నది ఏది?” అంటే ఇందాక నడిమిదిగా ఉన్న డబ్బా చిన్నదైపోతుంది. పిల్లలు మొదట ఒప్పుకోరు, వాదిస్తారు. వాదించనివ్వండి. పెద్ద, చిన్న అనేవి వస్తువుకు అతుక్కున్న పేర్లు కావని అక్కడే తెలియడం మొదలవుతుంది.

ఎదురు మాటలు ఆలస్యమైతే కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. రెండేళ్లు నిండినా ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల ముక్కలు లేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోవడం, దేన్నీ వేలితో చూపకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏదున్నా పిల్లల డాక్టరుకు చూపించి ముందు చెవి పరీక్ష అడగండి. అంగన్‌వాడీలో పేరున్న పిల్లలకైతే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు డాక్టర్ల బృందం అక్కడికే వచ్చి ఉచితంగా చూస్తుంది. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచరమ్మను అడిగి పెట్టుకోండి. వెళ్లేటప్పుడు బిడ్డ చెప్పే మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరు ముందు పిల్లలు నోరు విప్పరు.